అమరాబాదు కొండసీమ

దిల్‌సుఖ్‌నగరులోను, ఎల్బీనగరులోను కాపురముండు గృహిణులకు కొండలతోను అడవులతోను నేమి పని యని కొందఱు సోదరీమణు లడుగవచ్చును. వాకిట బట్టల దుకాణములు, వీధి మలుపున కూరగాయల బండ్లు, తలపైన మెట్రో రైలు, ఎటు చూచినను మేడలపై మేడలు. ఇట్టి చోట కొండల తలంపు రాకపోవుట వింత గాదు. అయినను మన మనుదినము కొండలకు ఋణపడియే యున్నాము. ఉదయమున నల్లా త్రిప్పి బిందెలో పట్టుకొను నీరు కృష్ణానది నీరు. ఆ కృష్ణ మన యింటికి వచ్చుటకు ముందు నల్లమల కొండల నడుమ నిఱుకైన లోయలో పాఱి, శ్రీశైలముకడ నొకసారి, నాగార్జునసాగరముకడ నొకసారి యానకట్టలచే నిలుపబడి వచ్చుచున్నది.

ఆ నీరు మన వీధి చేరు త్రోవ తెలిసికొనదగినది. సాగరపు వెనుకజలములనుండి పుట్టంగండి యను చోట యంత్రములు నీటి నెత్తి అక్కంపల్లి జలాశయమునకు పంపును. కోదండపురమున నా నీరు శుద్ధి చేయబడి, నాసర్లపల్లి, గోదకొండ్ల, గున్‌గల్ అను స్థలముల మఱల మఱల నెత్తబడి, నూఱు కిలోమీటర్లకు మించిన దూరము గొట్టములలో నడచి, ఎల్బీనగరునకు చేరువనున్న సాహెబ్‌నగరు జలాశయములకు వచ్చును. ఈ పథకమున మొదటి దశ 2004లోను, రెండవది 2008లోను, మూడవది 2015లోను నెరవేఱినవి. సాగరము నిండుగ నున్నపుడు దాని నీటిమట్టము సముద్రమునకు 590 అడుగుల యెత్తు; మన నగరము సుమారు 1,750 అడుగుల యెత్తున నున్నది. కావున మనము కడుగుటకును తుడుచుటకును వాడు ప్రతి చెంబెడు నీరును వేయి అడుగులకు పైగా నెక్కివచ్చిన నీరే. నీ రెక్కడిదో యెఱిగినపిమ్మట ఆ కొండల నొకసారి చూడవలెనని మా కోరిక యయ్యెను. మా వీధిలోని నాలుగు కుటుంబముల స్త్రీలము కూడి, ఫాల్గుణమాసమున మూడు దినములు వెచ్చించి, కృష్ణకు ఉత్తరపు టొడ్డున నున్న అమరాబాదు కొండసీమను చూచి వచ్చితిమి.

ఎల్బీనగరు కూడలినుండి యొక మార్గము తూర్పుగా విజయవాడకును, మఱియొకటి దక్షిణముగా సాగరమునకును పోవును. శ్రీశైలమునకు పోదలచినవారు వలయమార్గమున పడమరగా కొంత నడచి శ్రీశైలపు బాటను కలసికొందురు. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ దాటువఱకు దారి పొడవున బోడి బండలు, పత్తిచేలు, నడుమ నడుమ క్రొత్తగా హద్దురాళ్లు పాతిన యిండ్ల స్థలములే కానవచ్చును. డిండి జలాశయము దాటినపిమ్మట నేల రంగు మాఱును. దూరమున నీలిగోడ వలె నొక కొండవరుస నిలిచియుండును. హాజీపురము దాటి మన్ననూరు చేరునప్పటికి నగరమునుండి సుమారు 140 కిలోమీటర్లు వచ్చినట్లగును. అచ్చటనే యడవిశాఖవారి తనిఖీ ద్వారమున్నది. రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు అడవిలోని బాటపై బండ్లను పోనీయరు. రాత్రివేళ బాట దాటు మృగములు బండ్ల క్రింద పడకుండుటకే యీ నియమము. ప్రయాణమునకు బయలుదేరువా రీ సంగతి గుర్తుంచుకొనిన దారిలో చిక్కుపడరు.

నల్లమల యనునది కృష్ణకును పెన్నకును నడుమ ఉత్తర దక్షిణములుగా సుమారు 430 కిలోమీటర్లు సాగిన కొండవరుస. కృష్ణ దీనిని చీల్చుకొని పాఱుటచే ఉత్తరపు టంచు తెలంగాణమునను, తక్కిన భాగము ఆంధ్రప్రదేశమునను నిలిచినవి. అమరాబాదు సీమ మెట్లవలె రెండంతస్తులుగా నుండును. క్రింది యంతస్తున మన్ననూరు, అమరాబాదు మొదలగు పల్లెలు, చేలు, చెఱువులు గలవు. పై యంతస్తు రెండువేల యడుగులకు మించిన యెత్తున నున్న దట్టమైన యడవి. దానికి దక్షిణపు టంచు నిట్టనిలువుగా కృష్ణలోనికి దిగిపోవును.

ఈ కొండల ఱాయి పలకలు పలకలుగా నుండును. ఒకానొకప్పుడు లోతులేని సముద్రపు అడుగున పేరుకొన్న యిసుక గట్టిపడి యీ ఱాయి యైనదనియు, దీని వయస్సు నూఱుకోట్ల సంవత్సరములకు మించినదనియు భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. హిమాలయములు దీనిముందు పసిపిల్లలు. ఇంత గట్టిఱాతిలోనికి వాననీ రింకుట కష్టము. చెట్టులేనిచో పడిన వాన పడినట్లే మట్టితో సహా కృష్ణలోనికి జాఱిపోవును. ఆకులు రాలి పఱుపువలె నేలను కప్పియుండుటచేతను, వేళ్లు ఱాతి పగుళ్లలోనికి చొచ్చియుండుటచేతను నీరు మెల్లగ దిగి, వేసవిలో సైతము కొన్ని చోట్ల ఊటలుగ పైకి వచ్చుచుండును. మనము పాలను గుడ్డతో వడకట్టుదుముగదా. ఆ పని నీ యడవి కృష్ణకు చేయుచున్నది. గుడ్డ చినిగినచో పాలలో నలుసులు వచ్చినట్లు, అడవి పలుచబడినకొలది జలాశయములలో పూడిక చేరును. కొండపై చెట్టు నఱకినపుడు దాని ఫలము బిందెవఱకు వచ్చునని మాకు తోచినది యిచ్చటనే.

మేము పోయిన కాలమున అడవి ఆకు రాల్చుచుండెను. మోదుగలు మాత్రము ఆకు లేక పూవులతోనే నిప్పుకణికలవలె మండుచుండెను. నల్లమద్ది, చిరుమాను, ఏగిస, తునికి, ఇప్ప, బూరుగు, ఉసిరి, కరక, వెదురు — ఇవి యిచ్చటి ముఖ్యవృక్షములు. మాలో వృద్ధురాలొకామె కాయను బట్టి, ఆకును బట్టి యొక్కొకదానిని గుర్తించి, ‘ఇది మన పాయసములోని సారపప్పు చెట్టు, ఇది మన తలంటి కుంకుడు, ఇది మన బాలింతల కరక్కాయ’ అని చెప్పుచుండగా, మన వంటయిల్లును స్నానపుగదియు నీ యడవిలోనే పుట్టినట్లు మాకు తోచెను. నిజమునకు తేనె, చింతపండు, కుంకుళ్లు, సారపప్పు, జిగురు, చీపురు మొదలగు సరకులనేకము ఇట్టి యడవులనుండియే అంగళ్లకు చేరును. వీనిలో తపసి జిగురు విషయము మనసున నుంచుకొనదగినది. చెట్టుకు చిన్నగాటు పెట్టి యూఱిన జిగురును కొంచెముగ దీసినచో చెట్టు బ్రదుకును. ఆశకొలది లోతుగ నఱకినచో చెట్టే యెండిపోవును.

మృగములలో పులి, చిఱుతపులి, ఎలుగుబంటి, రేచుకుక్క, కణితి, దుప్పి, మనుబోతు, అలుగు, పిల్లియంత పరిమాణముగల పెద్దయుడుత యిచ్చట గలవు. శ్రీశైలము నాగార్జునసాగరముల నడుమ నీ యడవిని 1983లో పులుల రక్షణకై యేర్పఱచిరి. 2014లో రాష్ట్రములు వేఱుపడినపిమ్మట తెలంగాణపు భాగము అమరాబాదు పులుల యభయారణ్యమయ్యెను. దాని వైశాల్యము 2,611 చదరపు కిలోమీటర్లు. మన వనస్థలిపురమున నున్న మహావీర హరిణవనస్థలిని చూడని దిల్‌సుఖ్‌నగరు బిడ్డ లుండరు. అది 14.59 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అట్టివి నూటడెబ్బది కలిపినను అమరాబాదుకు చాలవు. రెండును నిజాము ప్రభువుల వేటచోట్లే. ఒకప్పుడు తుపాకితో పోయిన తావులకు నేడు పిల్లలను వెంటబెట్టుకొని పోవుచున్నాము. కుందేలంత మాత్రముండు మూషికజింకను హైదరాబాదు జంతుప్రదర్శనశాలలో పెంచి, 2017నుండి యీ యడవిలో విడిచిపెట్టుట మొదలిడిరి. నగరము అడవినుండి తీసికొనుటయే కాని యిచ్చుట యరుదు. ఈ చిన్నజింక యట్టి యరుదైన కానుక.

మన్ననూరునుండి కొంత దూరమున ఫరహాబాదు గలదు. అచ్చటి కొండకొమ్మునుండి చూచిన క్రింద చెఱువులును పల్లెలును పటమున వ్రాసినట్లు కానవచ్చును. అడవిశాఖవారి బండిలోనే పోవలెను. మాకు పులి కనబడలేదు. దుమ్ములో దాని యడుగుజాడను మార్గదర్శి చూపెను. ఆ జాడపైన మఱల దుప్పిగిట్ట గుర్తు పడియుండెను. పులి పోయిన దారినే దుప్పియు పోవునా యని పిల్లవాడొక డడుగగా, ‘నీరొక్కచోటనే యున్నపుడు పోక తప్పునా?’ అని యాతడు బదులు చెప్పెను.

చరిత్ర విషయమున నీ సీమ మనము తలంచినంత మాఱుమూల గాదు. శ్రీశైలమునకు నాలుగు ద్వారములని పెద్దలు చెప్పుదురు: తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. ఈ ఉమామహేశ్వరము అచ్చంపేటకు చేరువ కొండ చఱియను ఆనుకొనియున్నది. పైన గొడుగువలె వంగిన బండ యుండుటచే ఎండవేళను నీడ తొలగదు. పాపనాశన మను నూట నీరు మిక్కిలి చల్లన. బాటలు లేని కాలమున యాత్రికులు గుంపులుగ గూడి, ఇచ్చట మ్రొక్కి, అడవిలో చెంచుల తోడు గొని దినముల తరబడి నడచి, కృష్ణకు దిగి, మఱల శ్రీగిరి యెక్కెడివారు. పండ్రెండవ శతాబ్దమున కన్నడదేశమునుండి అక్కమహాదేవి యొంటరిగ నీ కొండలకు వచ్చెను. ఆమె రాజభోగమును రోసి, మల్లికార్జునునే భర్తగ దలచి, కృష్ణయొడ్డున గుహలో తపస్సు చేసెనని వీరశైవుల నమ్మకము. ఆ గుహ నేటికిని ఆమె పేరనే పిలువబడుచున్నది. ఎనిమిదివందల యేండ్లక్రింద నొక స్త్రీ తోడులేక యింతదూరము వచ్చెననుట యాలోచించిన కొలది యబ్బురము.

మన్ననూరు దరి నడవిలో ప్రతాపరుద్రుని కోట యని కాకతీయుల పేర పిలువబడు కోటగోడ లున్నవి. పదునాలుగవ శతాబ్దమున కొండవీటి ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు సోపానములు కట్టించెను. రాజులు మాఱిరి, కోటలు పడిపోయినవి. ఆ కొండలలో తొలినుండి నేటివఱకు కదలక యున్నవారు చెంచులే.

చెంచులనగానే మనకు నరసింహస్వామిని పెండ్లాడిన చెంచులక్ష్మి కథ జ్ఞప్తికి వచ్చును. శ్రీశైల మల్లన్నను సయితము వారు తమ యల్లుడనియే చెప్పుకొందురు. శివరాత్రికి అడవిలోపలి భౌరాపురమున చెంచులే పెద్దలై భ్రమరాంబా మల్లికార్జునుల కల్యాణము జరుపుదురు. అడవికి దేవత గారెల మైసమ్మ. వేట దొరికినను, దుంప దొరికినను ఆ తల్లికి మొదటి భాగ మిచ్చిన పిమ్మటనే తాము తినుట వారి యాచారము. 2011 జనాభా లెక్కలలో ఉభయరాష్ట్రములందును గలసి చెంచులు 64,227 మంది మాత్రమే. ప్రభుత్వమువారు 1975లో వారిని మిక్కిలి వెనుకబడిన గిరిజన సమూహములలో జేర్చిరి. మన్ననూరున గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయము గలదు.

1940లో హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు తన భార్యతో నీ చెంచులనడుమ నుండి వారి జీవనమును పరిశీలించెను. యుద్ధకాలమగుటచే నాతనిని హైదరాబాదు సంస్థానము దాటిపోనీయరైరి. ఆ నిర్బంధమే మన కుపకారమైనది. చెంచులను గూర్చి యాతడు వ్రాసిన గ్రంథము 1943లో వెలువడెను. ఆతని భార్య ఎలిజబెత్, బెట్టీ యని పిలువబడునామె, కొండలలో భర్తతో సమముగ తిరిగి, ఆతని పని కంతటికిని తోడైనది. 1987లో హైదరాబాదున నామె మరణింపగా, తాము చిరకాలము పనిచేసిన ఆదిలాబాదు ప్రాంతపు గోండుపల్లె మార్లవాయిలో నామె సమాధి కట్టిరి. భర్తల గ్రంథములను స్మరించువారు భార్యల పాదములు నడచిన త్రోవలను మఱచుట లోకసహజము. మన పత్రికలోనైన నామె పేరు నిలువవలెను.

చెంచుల సంసారమున స్త్రీస్థానము మన కాశ్చర్యము గొల్పును. దుంపలు త్రవ్వుట, పండ్లేఱుట, ఇప్పపూవు లేఱుట యామె పని. ఆమె తెచ్చినది ఆమెదే. వితంతువు మఱల పెండ్లాడుటకు వారిలో నిషేధము లేదు. కాపురము పొసగనిచో విడిపోవుటయు తప్పుగాదు. తేనె తీయుట మాత్రము పురుషుల పని. నిట్టనిలువు బండకు వ్రేలాడు తుట్టెలకై త్రాటితో లోయలోనికి దిగవలెను. పైన ఆ త్రాటిని పట్టుకొనువాడు దిగువాని సోదరుడు గాడు, భార్య తోడబుట్టినవాడట. అక్కచెల్లెలి పసుపుకుంకుమలు కోరువాడు గనుక త్రాటిని విడువడని వారి నమ్మకము. ఈ మాట విని మాలో నవ్వినవారును గలరు, కన్నీరు పెట్టుకొన్నవారును గలరు.

మన్ననూరు సమీపమున నొక పెంటలో (చెంచుల పల్లెలను పెంట లందురు) నడివయస్సు స్త్రీయొకతె మాతో చాలసేపు మాటలాడెను. మేము గడ్డల సంగతి యడుగగా నామె నవ్వి, ‘మాయమ్మ కాలాన గడ్డలు తిని బతికినం తల్లీ. ఇప్పుడు రేషను బియ్యం తింటున్నం. మా పిల్లగాండ్లకు గడ్డ యాడుంటదో తెల్వదు’ అనెను. ఆమె యింటిముందు చక్కగ నలికిన యరుగు, మూల నొక పాత విల్లు, ప్రక్కనే యొక సెల్‌ఫోను ఉండెను. పురుడు వచ్చినపుడు ఏమి చేయుదురని మేమడిగితిమి. మన్ననూరు దగ్గరివారికి బాట గలదు గాని, అప్పాపురము, భౌరాపురము వంటి లోపెంటలవారు వాగులు పొంగిననాడు గర్భిణిని మోసికొనియే రావలసియుండునని యామె చెప్పెను. మనకు వీధికొక యాసుపత్రి గలదు. అయినను ఎంత యాతురపడుదుము!

ఇపు డీ సీమకు రెండు చిక్కులు గలవు. మొదటిది భూమి లోపలి ధనము. శ్రీశైలపు పలకఱాయి క్రింద, దాని యడుగునున్న నల్లఱాతిని కలియు పొరలో యురేనియ మను ఖనిజము గలదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అణుశక్తి కది కావలసినది. 2019లో అమరాబాదు అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర బోరులు త్రవ్వి పరీక్షింపవలెనను యత్నము బయలుపడగా, చెంచులును పరిసరగ్రామములవారును నగరవాసులును తీవ్రముగ నడ్డుపడిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియము త్రవ్వకములు కూడదని యేకగ్రీవముగ తీర్మానించెను. దేశమునకు విద్యుచ్ఛక్తి యక్కఱ లేదని మేమనము. కాని యీ కొండలపై పడిన వాన యంతయు వాగులద్వారా డిండికిని కృష్ణకును చేరును; కృష్ణనుండి సాగరము, సాగరమునుండి సాహెబ్‌నగరు. ఖనిజము త్రవ్విన మట్టి వానకు కొట్టుకొని వచ్చినచో నది యెవరి బిందెలోనికి వచ్చునో చెప్పనక్కఱలేదు. ఇట్టి చర్చ పత్రికలలో వచ్చినపుడు రాజకీయమని పుట త్రిప్పివేయక మనమును చదువవలెను.

రెండవ చిక్కు ఇంతకంటె సున్నితమైనది. పులికి ప్రశాంతమైన యడవి కావలెను. అందుకై లోపెంటలను వెలుపలికి తరలింపవలెనని యడవిశాఖవారి యభిప్రాయము. 2006నాటి చట్టము ప్రకారము ఇది నివాసుల సమ్మతితోనే జరుగవలెను. 2021లో సవరింపబడిన పథకము మేరకు కుటుంబమునకు 15 లక్షల రూపాయలుగాని, లేదా భూమియు నిల్లును గల పునరావాసముగాని యిత్తురు. బాట, బడి, వైద్యము దగ్గరగునని యొక పక్షము. అడవి నెఱిగినవారు వెడలిపోయినచో కార్చిచ్చును మొదట చూచువారును, దొంగవేటను పసిగట్టువారును ఎవరని మఱియొక పక్షము. ఇరుపక్షముల మాటలందును నిజము గలదు. అడవిశాఖవారు సయితము కాపలాకు చెంచులనే యెక్కువగ నియమించుకొనుట మేము చూచితిమి.

ఆ స్త్రీని మే మీ సంగతియు నడిగితిమి. ఆమె కొంతసే పాలోచించి, ‘పోతమంటె పోతం గాని, ఆడ నీళ్లెట్లుంటయో, పొయిలకు కట్టె యాడ దొర్కుతదో, మా మైసమ్మ యాడ గూసుంటదో ముందుగాల చెప్పుమను తల్లీ’ అనెను. సోదరీమణులారా! దిల్‌సుఖ్‌నగరులోను ఎల్బీనగరులోను నున్న మనలో ననేకులము నల్లగొండనుండియు, పాలమూరునుండియు, కోస్తానుండియు కాపురము తరలించుకొని వచ్చినవారమే. ఇల్లు మాఱినపుడు మనము మొదట నడుగు ప్రశ్నలును ఇవియే గదా! నీళ్లున్నవా, వంటకు వసతి యెట్లు, దేవుని మూల యెక్కడ? పదునైదు లక్షలు పురుషుని చేతిలో పెట్టి సంతకము తీసికొనుట సులభము. క్రొత్తయింట పొయ్యి వెలిగింపవలసినది మాత్రము స్త్రీ. కావున పెంట తరలింపునకు సమ్మతి యడుగునపుడు పెంటలోని స్త్రీలను వేఱుగ కూర్చుండబెట్టి యడుగుట న్యాయమని మా యభిప్రాయము. మనవలె నిష్టపడి వచ్చుట వేఱు, మఱియొకరి మేలుకొఱకు వచ్చుట వేఱు. పులి బ్రదికిన, అడవి నిలిచిన లాభము పొందువారిలో మొదటివారము నీరు త్రాగు మనమే గనుక, వారికి న్యాయము జరుగుచున్నదా యని విచారించు భారమును మనపై గలదు.

పోవదలచినవారికి కొన్ని సూచనలు. వటవర్లపల్లి దరి మల్లెలతీర్థమను జలపాతము గలదు. మూడువందలకు పైగా మెట్లు దిగి, మఱల నెక్కవలెను గనుక మోకాళ్ల నొప్పులు గలవారు పైననే నిలుచుట మేలు. వానలు వెలిసిన పిమ్మట చూచిన దాని సొగసు పరిపూర్ణము. ఫాల్గుణమున సన్నని ధారయే. సలేశ్వరము నడవిలోపలి లోయలోనున్న లింగమయ్యకు చైత్రపూర్ణిమనాడు జాతర. ఏడాదిలో నా కొలది దినములే ప్రవేశము, చెంచులే పూజారులు. దారి రాళ్లదారి, జనసమ్మర్దము మిక్కుటము. పసిబిడ్డలతోను గర్భిణులతోను పోరాదు. వేసవిలో నడవి యెండుగడ్డివలె నుండును. పొయ్యి రాజేయుటయు, చుట్ట బీడీలు విసరుటయు నేరము మాత్రమే గాక పాపము. తినుబండారములు ఇంటినుండి డబ్బాలలో తీసికొనిపోయి, ఖాళీడబ్బాలు మఱల నింటికే తేవలెను. ప్లాస్టికు సంచులను రుచికై నమలి దుప్పులు చచ్చుచున్నవి. బాటప్రక్క కోతులకు పండ్లు వేయుటయు పుణ్యము గాదు. అవి బాటపై నలవాటుపడి బండ్ల క్రింద పడును. తేనె కొనవలెనన్న గిరిజన సహకార సంస్థ అంగడిలో కొనుడు. సేకరించినవారికి నంతో యింతో ముట్టును.

ఖర్చు విషయమున నింతే: మా నాలుగు కుటుంబములు నొక బండి మాటలాడుకొనుటచే మనిషికి పండుగచీర వెలకు మించలేదు. వచ్చిన వారమునుండి మా వీధిలో నొక మార్పు మాత్రము జరిగినది. పైకప్పు తొట్లు నిండి పొంగి వీధిపాలగుట చూచి యూరకుండుట మానితిమి. ఎవరి తొట్టి పొంగినను ప్రక్కయింటివారు కేకవేయుదురు. వీలున్న సోదరీమణులు పిల్లలకు సెలవులున్న రెండుదినములు కేటాయించి, కృష్ణ నడచివచ్చు నా కొండలను తప్పక చూచిరాగలరని కోరుచున్నాము.